ఎడమ బుగ్గ మీద పుట్టుమచ్చ

వరద నీళ్ళు కిటికీ చువ్వల దాకా వచ్చిన ఏడాది అది. ఆ వీధిలో ఇప్పటికీ పిల్లల వయసు చెప్పాలంటే వరదకు ముందా తర్వాతా అనే అడుగుతారు. ఈ సంగతి నీళ్ళు తీసిన ఇరవయ్యో రోజున మొదలై ఇరవై రెండో రోజు పొద్దుటికి ముగిసింది.

వీధి చివర మేడమీద గదిలో ఒక టీవీ మెకానిక్ కొట్టు ఉండేది. కింద కాపురం, పైన పని. అరవై దాటిన మనిషి. అవునని చెప్పాల్సిన చోట తల ఊపేవాడు, కాదని చెప్పాల్సిన చోట అదీ చేసేవాడు కాదు. అందుకని వీధంతా ఆయనను ముక్తసరి మామయ్య అనేది. ఇళ్ళన్నీ మునిగినా ఆ పైగది పొడిగా మిగిలింది. వీధిలో తడిసిన టీవీలన్నీ ఇరుకు మెట్లెక్కి అక్కడికే చేరాయి.

టీవీ బాగుచేసేవాడు సెట్టు వెనక కూర్చుంటాడు. మరలు తిప్పేది వెనక, బొమ్మ కనబడేది ముందు. అందుకని సెట్టుకు ఎదురుగా ఒక నిలువుటద్దం గోడకు ఆనించి, అందులో బొమ్మ చూసుకుంటూ రంగులు సర్దుతాడు. ముక్తసరి ముప్ఫై ఏళ్ళపాటు సినిమాలన్నీ అలాగే చూశాడు. హాలుకు ఎన్నడూ పోలేదు. ఇంట్లో టీవీ పెట్టుకోలేదు. ఒక్కో సినిమాలో పది నిమిషాలు, అవీ మధ్యలోవి. అయినా అడిగినవాళ్ళకు అభిప్రాయం చెప్పకుండా పంపలేదు.

"మామయ్యా, ఆ పోలీసు సినిమా ఎలా ఉంది?"

"అరుపులెక్కువ. స్పీకరు పోతుంది."

"ఆ ప్రేమ సినిమా?"

"వాన బాగుంది."

"మరి దెయ్యం సీరియల్?"

"చీకటి. ట్యూబు పోయిందనుకున్నా."

అన్నిటికంటే పేరు తెచ్చింది ఆస్పత్రి సీరియల్ మీద అభిప్రాయం. "ఆ డాక్టరు గుండెకాయని కుడివైపు వెతుకుతాడు" అన్నాడు ఒకనాడు. ఆ మాట విని ఎదురింటి దర్జీ ఆవిడ ఆ సీరియల్ చూడడమే మానేసింది. హీరోలు నూటికి తొంభై మంది ఎడమచేతి వాటం వాళ్ళేననీ, సినిమాల్లో కార్లన్నీ రోడ్డుకు తప్పు పక్కనే పోతాయనీ కూడా ఆయనే కనిపెట్టాడు. తెర మీద ఎప్పుడైనా పడే పేర్లు మాత్రం ఆయనకు కొరుకుడు పడలేదు. ఒక్క అక్షరం పోల్చుకోలేకపోయేవాడు. చదివింది మూడో తరగతి. సినిమావాళ్ళ రాత పెద్ద చదువులవాళ్ళ కోసం కాబోలనుకుని, సిగ్గుపడి, ఆ సంగతి భార్యకు కూడా చెప్పలేదు.

ఆ శుక్రవారం పొద్దున ఆయన పెట్టుకున్న పని ఒక్కటే. చెల్లెలి టీవీ సాయంత్రం ఆరుకల్లా పలకాలి. ఆరింటికి కవలల సీరియల్ ఆఖరి భాగం. కానీ సెట్టు విప్పి చూస్తే లోపల ట్రాన్స్‌ఫార్మరు కుళ్ళి ఉంది. కొత్తది ఎక్కడా దొరకలేదు.

మధ్యాహ్నం చెల్లెలు మెట్లెక్కి వచ్చింది. ఆస్పత్రిలో దుప్పట్లు ఉతికే చోట పని ఆమెకు. ఆయన చంకనెత్తుకుని పెంచిన పిల్ల.

"అయిందా అన్నయ్యా?"

ఆయన కుళ్ళిన ట్రాన్స్‌ఫార్మరు ఎత్తి చూపించాడు.

"నా ఖర్మ. పోనీ ఇక్కడే ఏదో ఒక సెట్టులో చూద్దామంటే ఐదింటికి డ్యూటీ వేసి చచ్చారు. నువ్వే చూసి చెప్పు. రెండు ముక్కలు చాలు. ఆ తల్లి ఇంటి తాళాలు ఎవరికిచ్చిందీ, ఎవర్ని బయటికి పొమ్మందీ."

"ఎవరెవరు?" అన్నాడు.

ఆయన ప్రశ్న అడిగాడంటే సంగతి పెద్దదేనని చెల్లెలు కింద చతికిలబడి చెప్పింది. కవల అక్కచెల్లెళ్ళు. ఇద్దరిదీ ఒకటే మొహం, ఒకటే చీర. ఒకతె మంచాన పడ్డ తల్లికి సేవ చేస్తుంది. రెండోది తల్లి మాత్రలు మార్చేసి నేరం మొదటిదాని మీదికి తోస్తుంది. నాలుగేళ్ళుగా ఇదే.

"గుర్తు?"

"పుట్టుమచ్చ. ఎడమ బుగ్గ మీద ఉన్నది మంచిది. కుడి బుగ్గది టక్కరిది."

"ఎవరి ఎడమ?"

"టీవీకి ఎదురుగా కూర్చుంటే మన ఎడమచెయ్యి వైపు. నీకు నేను చెప్పాలా, టీవీల్లోనే పుట్టినవాడివి!" అని నవ్వి, మళ్ళీ నవ్వు ఆపేసింది. "మా అత్తయ్య కూడా మా ఇంటి పైగది ఎవరికిచ్చేదీ రేపే తేలుస్తానంది అన్నయ్యా. కింద గోడలు ఇంకా చెమ్మ కక్కుతున్నాయి. పిల్ల దగ్గి దగ్గి పడుకోవట్లేదు. తోడికోడలికిస్తుందో, నాకిస్తుందో. ఈయన లారీ మీద ఏ ఊళ్ళో ఉన్నాడో తెలీదు. ఈ నాలుగేళ్ళూ నేను నోరు మూసుకుని ఓర్చుకున్నానంటే సీరియల్లో ఆ మంచిపిల్లని చూసే. ఆ పిల్లకి న్యాయం జరిగితే నాకూ జరుగుతుందని ఒక పిచ్చి."

"ఊఁ" అన్నాడు ముక్తసరి.

సాయంత్రం ఆరింటికి దర్జీ ఆవిడ సెట్టు ముందు అద్దం నిలబెట్టి, వెనక స్టూలు వేసుకుని కూర్చున్నాడు. ఆ సెట్టుకు బొమ్మ వచ్చింది గాని సౌండు పని ఇంకా మొదలుపెట్టలేదు. మొహాలు చూస్తే కథ తెలియదా అనుకున్నాడు. చేతిలో ఉన్న టంకం కడ్డీ కూడా పక్కన పెట్టాడు. ముప్ఫై ఏళ్ళలో ఆయన దేన్నయినా చివరిదాకా చూడడం అదే మొదలు. తల్లి మంచం మీద లేచి కూర్చుంది. దిండు కింద చెయ్యి పెట్టి తాళాల గుత్తి తీసింది. కుడి వైపు పుట్టుమచ్చదాని చేతిలో పెట్టింది. ఎడమ వైపు పుట్టుమచ్చది చిన్న పెట్టె పట్టుకుని వానలోకి నడిచింది. ముక్తసరి చేతికందిన దూదితో కళ్ళు తుడుచుకున్నాడు. అది సెట్టు తుడిచే స్పిరిట్ దూది. దాంతో ఇంకాస్త ఏడ్చాడు.

శనివారం పొద్దున చెల్లెలు డ్యూటీ దిగి తిన్నగా అక్కడికే వచ్చింది. దర్జీ ఆవిడ కూడా తన సెట్టు అడగడానికని మెట్ల మీదికి వచ్చి ఉంది.

"చెప్పు అన్నయ్యా."

"తాళాలు కుడిదానికిచ్చింది. ఎడమదాన్ని పొమ్మంది. వాన పడుతోంది. పెట్టె కూడా చిన్నది."

ఆయన జన్మలో ఒక్కసారిగా అన్ని మాటలు ఆడింది లేదు. ఆ పూట కూడా "ఊఁ" అని ఊరుకుని ఉంటే ఎంత బాగుండేదో అని తర్వాత చాలాసార్లు అనుకున్నాడు.

చెల్లెలు మారుమాట లేకుండా దిగిపోయింది. దర్జీ ఆవిడ మాత్రం మాటలతోనే దిగింది. గంటలో ఆ వార్త వీధి ఆ చివరిదాకా పోయింది. ఒక్క ఇంట్లోనూ టీవీ లేదు, కాదనేవాళ్ళూ లేరు. పైగా చెప్పింది ముక్తసరి. నోరు విప్పని మనిషి చెప్పాడంటే నిజమే అయి ఉంటుందని అందరూ ఒప్పుకున్నారు. మంచిపిల్లకు జరిగిన అన్యాయం మీద టీవీ వాళ్ళకు ఉత్తరం తయారైంది. ఇరవై ఏడు సంతకాలు పడ్డాయి. పది గంటలకు దర్జీ ఆవిడ దాన్ని పోస్టు డబ్బాలో వేసి వచ్చింది.

చెల్లెలి అత్తగారు ఆ ఆఖరి భాగం చూడనే చూసింది. మాత్రల కోసం పెద్దవీధి మందుల షాపుకు పోయి, కౌంటరు మీద ఉన్న టీవీ ముందు అరగంట నిలబడిపోయింది. చూసి, కళ్ళు తుడుచుకుని, ఇంటికొచ్చి ఒక నిర్ణయానికి వచ్చింది. పొద్దున కోడలి కోసం గుమ్మంలోనే కాచుకుని కూర్చుంది.

"వచ్చావా? రా, ఇలా కూర్చో. ఆ పైగది సంగతి..."

"మీరేం చెప్పక్కర్లేదు అత్తయ్యా. నాకంతా తెలిసిపోయింది. ఆ పిల్లకి పట్టిన గతే నాకూ."

"ఏ పిల్ల?"

"నిన్న వాళ్ళమ్మ గెంటేసిన పిల్ల! ఆ పిల్లా నేనూ ఒకటే!"

అత్తగారు కోడలి మొహం వంక చూసింది. నిన్న గెంటించుకున్నది మాత్రలు మార్చిన పిల్ల. తర్వాత కిటికీలో ఉన్న తన మాత్రల డబ్బా వంక చూసింది. రోజూ చేతికి అందించేది ఈ కోడలే.

"ఒకటేనా?" అంది నెమ్మదిగా.

"ఒకటే! నాలుగేళ్ళనుంచీ! ఒక్కనాడైనా కనిపెట్టారా మీరు?"

"లేదే" అంది అత్తగారు, గోడకు చేరగిలబడి.

చెల్లెలు కూతురి చెయ్యి పట్టుకుని, పెట్టె తీసుకుని అన్నగారింటికి వచ్చేసింది. ఉన్నవాటిలో చిన్న పెట్టెనే ఏరి మరీ తెచ్చుకుంది. అత్తగారు మాత్రలన్నీ కొంగున మూటగట్టి మందుల షాపుకు నడిచింది. పోతూ పోతూ పెద్దకోడలిని కేకేసి, "నీ మంచం పైగదిలో వేయించుకో" అంది. మందుల షాపాయన మాత్రలన్నీ ఒక్కొక్కటే వెలుగులో పెట్టి చూశాడు.

"ఇవి మీవే పెద్దమ్మా."

"రంగు మారలేదూ?"

"వరదకి అట్ట తడిసింది. మాత్రకేం కాలేదు."

"సరిగ్గా చూడు నాయనా. దాని నోటితోనే ఒప్పుకుంది."

సాయంత్రం ఐదింటికి ఆఖరి భాగం మళ్ళీ వేశారు. అప్పటికి దర్జీ ఆవిడ సెట్టుకు సౌండు కూడా వచ్చింది. చెల్లెలు దాని ముందు, అద్దానికి వీపు పెట్టి కూర్చుంది, ఏడవడానికి సిద్ధంగా. ముక్తసరి ఎప్పటిలాగే వెనక. భార్య టీ గ్లాసులు పట్టుకుని మెట్లెక్కింది.

తల్లి దిండు కింద చెయ్యి పెట్టింది.

"చూడు, కుడిదానికే" అన్నాడు ముక్తసరి వెనకనుంచి.

"ఎడమదానికి అన్నయ్యా!"

"కుడి."

"ఎడమ! పేరు పెట్టి పిలిచింది కూడానూ! వానలో పోతోందే, అదీ టక్కరిది. నీకేమైనా..."

ఆమె వెనక్కి తిరిగింది. అద్దంలో టీవీ, దాని పైనుంచి అన్నగారి తల కనబడ్డాయి. లేచి, చుట్టూ తిరిగి వచ్చి, ఆయన పక్కన వంగి, ఆయన చూస్తున్న చోటుకే చూసింది.

"వదినా" అంది, "ఒకసారి ఇటు రా."

వదిన వచ్చి చూసింది. "ఏమండీ, రోజూ గడ్డం గీసుకునేది అద్దంలోనేగా?" అని మాత్రం అంది.

అద్దంలో కుడి ఎడమవుతుందని ఆయనకు తెలియక కాదు. గడ్డం దగ్గర తెలుసు. సినిమా దగ్గర ఎప్పుడూ తట్టలేదు. ఎడమచేతి హీరోలు, తప్పు పక్కన పోయే కార్లు, కుడివైపు గుండె వెతికిన ఆ డాక్టరు, అందరూ ఒక్కసారిగా వచ్చి ఎదురుగా నిలబడ్డట్టయింది. ఇంతలో తెర మీద పేర్లు పడసాగాయి. ముక్తసరి స్టూలు మీంచి లేచాడు. వైర్లు దాటుకుంటూ సెట్టు ముందుకు వచ్చి నిలబడ్డాడు. పెదవులు కదుపుతూ ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాడు. మాటలు రాసినవాళ్ళను, దీపాలు పట్టినవాళ్ళను, బట్టలు ఇస్త్రీ చేసినవాళ్ళను, ఒక్కరినీ వదల్లేదు. అన్నీ మామూలు అక్షరాలే. మూడో తరగతి సరిపోయింది.

ముప్ఫై ఏళ్ళు సిగ్గుపడ్డాడు. ఇప్పుడు సిగ్గుపడడానికి ఇంకొకటి దొరికింది.

ఆ సమయానికే అత్తగారు రొప్పుతూ మెట్లెక్కి వచ్చింది. కొంగు విప్పి మాత్రలు బల్ల మీద పోసింది.

"ఇవి మంచివేనంట. మరి నువ్వు మార్చిందేమిటే? అది చెప్పి పో, నాకు గుండె ఆడట్లేదు."

"నేను మార్చడమేంటి అత్తయ్యా! నేను చెప్పింది మంచిపిల్ల సంగతి!"

"మంచిదాన్ని ఎవరు గెంటారే? తాళాలు దానికేగా ఇచ్చింది! నా కళ్ళతో చూశాను!"

ఇద్దరూ ముక్తసరి వంక తిరిగారు. ఆయన అద్దం వైపు వేలు చూపించాడు. విడమరిచి చెప్పే పని భార్యకు పడింది. అంతా విని అత్తగారు చాలాసేపు మాత్రలు ఒక్కొక్కటే ఏరి మళ్ళీ కొంగులో వేసుకుంటూ కూర్చుంది.

"నిన్న ఆ తల్లిని చూసి, ఆ బుద్ధి నాకెందుకు లేకపోయిందే అని ఏడ్చాను" అంది చివరికి. "పైగది నీకేనని చెబుదామనే పొద్దున గుమ్మంలో కూర్చున్నా."

"ఇప్పుడు?" అంది చెల్లెలు.

"ఇప్పుడేం చెప్పను? పెద్దది మంచం ఎక్కించేసింది. దాని తప్పేముంది, నేనే ఎక్కించమన్నా. దింపమని ఏ మొహం పెట్టుకుని అడగను? నీ చేతి మాత్రలు మింగుతూ నిన్నే అనుమానించాను. నా మొహానికి ఆ తల్లి పోలికొకటి."

కింద గదిలోంచి పిల్ల దగ్గు వినిపించింది. అక్కడా గోడలు చెమ్మే.

"తప్పు నాది" అన్నాడు ముక్తసరి.

"నీది కాదులే బాబూ, అద్దానిది" అంది అత్తగారు. ఆ మాటతో ఆయనకు ఊరట కలగలేదు. పొద్దున నాలుగే ముక్కలు ఆడాడు. వానా, పెట్టే తప్పితే అందులో నిజమైన ముక్క లేదు.

మర్నాడు తెల్లవారగానే ఆయన పైగదిలో సెట్లన్నీ ఒక్కొక్కటిగా భుజానికెత్తుకుని కిందికి దించసాగాడు. పదిహేడు సెట్లు. కింద ముందుగదిలో, చెమ్మ గోడకు జానెడు ఎడంగా వరసపెట్టాడు. పైన నేల కడిగి, వైర్లు చుట్టేసి, చెల్లెలికీ పిల్లకూ పక్క వేశాడు.

"ఏమండీ, కింద పెడితే మళ్ళీ చెమ్మకి చెడిపోవూ?" అంది భార్య.

"బాగుచేస్తా" అన్నాడు. పిల్ల పక్క సర్దుతూ, "పిల్ల దగ్గు బాగుచెయ్యడం నాకు రాదు" అన్నాడు.

అద్దం కూడా దించబోతే మేనకోడలు జడ వేసుకోవడానికి కావాలని పట్టుకుంది. వదిలేశాడు. ఆఖరున దర్జీ ఆవిడ సెట్టు భుజాన పెట్టుకుని వీధి దాటాడు. ఆమె గుమ్మంలో ఎదురొచ్చింది.

"మామయ్యా, రాత్రి ఏదో కొత్త సినిమా వేశారటగా. ఎలా ఉంది?"

ముక్తసరి సెట్టు దించి, నడుం పట్టుకుని, నెమ్మదిగా నిటారుగా నిలబడ్డాడు.

"ఏ పక్కనుంచి?" అన్నాడు.