లైను చివర పునుగుల బండి

ఒక పెద్ద అడవిలో, అందరూ నీళ్ళకు దిగే రేవు దగ్గర, నాంచారమ్మ అనే ఎలుగుబంటి పునుగుల బండి నడుపుకునేది. వచ్చినవాళ్ళకి ఆకులో నాలుగు పునుగులు, పక్కన అల్లం పచ్చడి. తిని, మూతి తుడుచుకుని, నీళ్ళు తాగి వెళ్ళిపోయేవాళ్ళు.

ఆ అడవికి టీవీ వచ్చింది. టీవీ వచ్చాక పోటీలు రాకుండా ఉంటాయా? 'చిటికెలో చిరుతిండి' అని ఒకటి పెట్టారు. రెండు జట్లు రేవు దగ్గర ఒక రోజంతా చెరో కొట్టు నడపాలి. గెలిచినవాళ్ళకి ఆ చోటు శాశ్వతం. ఓడినవాళ్ళు బండి ఎత్తెయ్యాలి.

"నా చోటే నాకు బహుమతిగా ఇస్తారట. ఇదేం చోద్యమే!" అంది నాంచారమ్మ.

"పోటీకి రాకపోతే అదీ ఇవ్వరట అక్కా," అంది మంగతాయారు. నాంచారమ్మ జట్టులో ఆవిడొక్కతే. ముళ్ళపంది కాబట్టి, పునుగులు గుచ్చుకు తినడానికి పుల్లలు ఆవిడ వీపు నుంచే వచ్చేవి.

రెండో జట్టుకి నాయకుడు నరహరి అనే నక్క. వంట రాదు, మాట్లాడటం వచ్చు. టీవీకి అది చాలు.

న్యాయనిర్ణేత కోదండపాణి అనే కొంగ. పట్నం వెళ్ళి వ్యాపారం గురించి చదువుకొచ్చాడు. ఎన్నడూ వ్యాపారం చెయ్యలేదు. అందుకే ఆ కుర్చీ ఇచ్చారు. ఆయన కుర్చీ పక్కన ఒంటికాలి మీద నిలబడ్డాడు.

"ఎవరి కొట్టు ముందు లైను పొడుగ్గా ఉంటే వాళ్ళే విజేతలు. సాయంత్రం గద్ద మెడకి కెమెరా కట్టి పైనుంచి చూపిస్తాం."

"మరి రుచి ఎవరు చూస్తారండీ?" అని అడిగింది నాంచారమ్మ.

"రుచి పైనుంచి కనబడదు కదమ్మా."

ఇక్కడ కాస్త ఆగి ఆలోచించండి. చిటికెలో తిండి పెట్టే కొట్టు ముందు లైను ఎందుకుంటుంది? ఉండదు. మూడో తరగతి పిల్లలైనా చెబుతారు. కొంగకి తట్టలేదు. నక్కకి తట్టింది.

నరహరి వెళ్ళి తాతారావుని తెచ్చి కౌంటర్లో కూర్చోబెట్టాడు. తాతారావు తాబేలు.

"ఏం... కావాలి... నాయనా?" అని ఆయన అడగడం పూర్తయ్యేసరికి ముందు నిలబడ్డ కుందేలుకి నీరసం వచ్చింది.

"బర్గర్ అండీ."

"ఉల్లిపాయ ఉండాలా, వద్దా? తొందరేం లేదు. ఇంటికెళ్ళి అడిగొచ్చినా సరే."

సాయంత్రానికి నరహరి లైను కొట్టు ముందు మొదలై, రాళ్ళమిట్ట ఎక్కి దిగి, నాలుగు దారులు కలిసే కూడలి దాకా పాకింది. టీవీలో కనబడతామని కొందరు నిలబడ్డారు. ఇంత లైనుంటే ఏదో ఉండే ఉంటుందని మిగతావాళ్ళు నిలబడ్డారు.

నాంచారమ్మ బండి ముందు ఎవరూ లేరు. అందరూ తినేసి వెళ్ళిపోయారు.

"అక్కా, నీకు దణ్ణం పెడతాను, కాస్త మెల్లగా వెయ్యి. చోటు పోతుందే!"

"ఆకలన్నవాణ్ణి నిలబెట్టి బొమ్మ తీయించుకోమంటావా? నా చేతికి రాదే అది," అంది నాంచారమ్మ. అంటూనే రేవు వంక ఒకసారి చూసుకుంది. పదిహేనేళ్ళుగా అక్కడే పొయ్యి వెలిగించింది మరి.

నరహరి గెలిచాడు. దండ వేయించుకుని, ఇంకో కోరిక కోరాడు.

"అయ్యా, ఓడినవాళ్ళు పక్కనే బండి పెడితే నా గెలుపుకి మర్యాదేముంది? నా లైను తోక ఎక్కడుందో దానికి అవతలే పెట్టుకోమనండి. రూలుగా రాయించండి."

"రాశాం," అన్నాడు కొంగ, రెండో కాలు దించకుండానే.

మర్నాడు పొద్దున్నే నాంచారమ్మ బండి తోసుకుంటూ కూడలికి చేరింది.

"ఏడవకే మంగా, పచ్చడి ఉప్పవుతుంది," అంటూ నూనె పెట్టింది.

అంతలో తూర్పు దారిన జింకలు వచ్చాయి. "నరహరి గారి లైను చివర ఇదేనా పిన్నీ?"

"ఇదేనమ్మా. చాలాసేపు పడుతుందట. రెండు తిని నిలబడండి."

తిన్నాయి. తిన్నాక, ఎందుకు నిలబడాలో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. పడమటి దారిన వచ్చిన అడవిదున్నలకీ అదే జరిగింది. రేవుకి ఎవరు పోవాలన్నా ఆ కూడలి దాటాల్సిందే కదా!

మూడో నాటికి నరహరి లైనులో ఒక్క కుందేలు మిగిలింది. అది మొదటి రోజు కుందేలే. ఉల్లిపాయ సంగతి ఇంకా తేలలేదు.

నరహరి కొంగ కోసం అడవంతా వెతికి, చివరికి కూడలిలో పట్టుకున్నాడు. కొంగ ఒంటికాలి మీద నిలబడి పునుగులు తింటున్నాడు.

"అయ్యా, ఈవిణ్ణి ఇక్కణ్ణుంచి లేపించండి!"

"మీ లైను తోక ఇప్పుడెక్కడుందయ్యా?"

"ఎక్కడిదండీ, కౌంటర్ దగ్గరే ఆగింది."

"అయితే మీరు రాయించిన రూలు ప్రకారం ఆవిడ మళ్ళీ రేవుకే రావచ్చు."

"అక్కా, పోదామా?" అని మంగతాయారు ఎగిరింది.

"ఇప్పుడే నూనె కాగింది, ఉండవే," అని నాంచారమ్మ నరహరి మొహం చూసింది. మూడు రోజులుగా వాడి కొట్టులో వాడికీ తిండి అందలేదు. వాడు అలవాటుగా కొంగ వెనక నిలబడబోయాడు.

"లైనెందుకు నాయనా, ముందు తిను," అని ఆకు అందించింది.

నీతి: పోటీలో గెలవాలంటే వంట రానక్కర్లేదు; గెలిచాక ఆకలి వేయకుండా ఉంటే చాలు.