అత్తగారి ఒత్తిడి తొమ్మిది

క్రిస్మస్ రోజుల్లో మనిషి ప్రశాంతంగా ఉండాలంటే ఒక్కటే మార్గం. పది నిమిషాలకోసారి ఎవరో ఒకరు వచ్చి "నువ్వు ప్రశాంతంగా లేవు" అని చెబుతూ ఉండాలి!

నవ్వకండి, సీరియస్‌గానే అంటున్నాను. మా తాతలు, ముత్తాతలు డిసెంబరు చీకట్లో బాతుని కాల్చుకుని, బంగాళాదుంపలు పంచదార పాకంలో దొర్లించుకుని, కడుపు పగిలేలా తిని, చేతులు పట్టుకుని క్రిస్మస్ చెట్టు చుట్టూ పాడుకుంటూ తిరిగి పడుకున్నారు. పాపం, తాము ఒత్తిడిలో ఉన్నామని తెలియకుండానే పోయారు! ఎంత అజ్ఞానం! అదృష్టం కొద్దీ మన కాలానికి వాచీ వచ్చింది. గుండె కొట్టుకునే తీరు చూసి మీ ఒత్తిడి నూటికి ఎంతో చెప్పేస్తుంది. దాన్ని కనిపెట్టిన మహానుభావుడికి విగ్రహం పెట్టాలి. మా ఊరు స్వెన్‌బోర్గ్ రేవులో స్థలం నేను చూపిస్తాను.

ఆ వాచీని మా ఇంట్లోకి తెచ్చిన పుణ్యం మా మరదలు విబెకెది. ఒత్తిడి తగ్గించుకోవడం ఎలాగో ఆఫీసుల చుట్టూ తిరిగి పాఠాలు చెప్పడం ఆమె ఉద్యోగం. డిసెంబరు ఒకటో తారీఖున మా అత్తగారింటికి ఐదు వాచీలు పట్టుకొచ్చింది. నాకొకటి, నా భార్య కిర్స్టినెకి ఒకటి, తన మొగుడు, అంటే నా తోడల్లుడు ఎస్బెన్‌కి ఒకటి, తనకొకటి. ఐదోది ఎనభై మూడేళ్ళ మా అత్తగారు రాగ్న్‌హిల్డ్‌కి. అందరి అంకెలూ రోజూ అందరి ఫోన్లలోనూ కనిపిస్తాయి.

"అరవై దాటితే ప్రమాదం," అంది విబెకె. "అమ్మా, ఇదంతా ముఖ్యంగా నీ కోసమే. ఈ వయసులో నీకు ఇంతమందికి వంటేమిటి? ఈ నెలలో ఒక్క రోజు నీ అంకె అరవై దాటినా సరే, వచ్చే ఏడాది నుంచి క్రిస్మస్ భోజనం ఇక్కడ ఉండదు. సముద్రం ఒడ్డున ఒక ఆరోగ్య హోటల్ చూశాను. అందరం అక్కడికే."

"అక్కడేం పెడతారే?" అని అడిగారు అత్తగారు.

"ఉడకబెట్టిన చేప. తర్వాత వేణ్ణీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చోవాలి. మాట్లాడకూడదు."

అత్తగారు యాభై ఏడేళ్ళుగా అదే వంటింట్లో క్రిస్మస్ వంట చేస్తున్నారు. మామగారు పోయిన ఏడాది కూడా పొయ్యి ఆపలేదు. ఆ సాయంత్రం కోసం ఆవిడ ఏడాదంతా ఎదురుచూస్తారని మా అందరికీ తెలుసు. ఆవిడ వాచీ వైపు చూశారు. కూతురి వైపు చూశారు. పొయ్యి పక్కన గురకపెడుతున్న తన పొట్టికాళ్ళ కుక్క బెర్టిల్ వైపు కూడా ఒకసారి చూశారు. "సరే, కట్టు," అన్నారు. అంత తేలిగ్గా ఒప్పుకున్న మనిషిని నేను అప్పుడే అనుమానించాల్సింది.

అది తర్వాత. ముందు వాచీ లాభాలు వినండి.

మొదటి రాత్రి హాయిగా నిద్రపోయి పొద్దున్నే హుషారుగా లేచాను. వాచీ చూస్తే "మీకు నిద్ర సరిపోలేదు" అని ఉంది. అంతే, కాళ్ళు లాగడం మొదలుపెట్టాయి! ఆ రోజంతా మంచం దిగలేదు. వాచీ లేకపోతే నేను అలిసిపోయానన్న సంగతి నాకెవరు చెప్పేవారు?

ఇక కాపురం. ఇదివరకు నాకు కోపం వచ్చిందని నా భార్య అనేది, రాలేదని నేను అరిచేవాణ్ణి. సాక్ష్యం ఉండేది కాదు. ఇప్పుడో?

"చూసుకో, డెబ్బై నాలుగు!" అంటుంది కిర్స్టినె.

"నీది డెబ్బై ఆరు! ముందు నీ సంగతి చూడు!"

"నాది డెబ్బై ఆరు ఎందుకైందో తెలుసా? దానికి కారణం నా ఎదురుగా కూర్చుని కాఫీ తాగుతోంది!"

ముప్ఫై ఏళ్ళ కాపురంలో మా తగాదాలు ఇంత శాస్త్రీయంగా ఎప్పుడూ జరగలేదు.

నేను రాసే పత్రికవాళ్ళ క్రిస్మస్ విందుకి వెళ్ళాను. ఊరవేసిన హెర్రింగ్ చేప, దాంతోపాటు గొంతు మండించే స్నాప్స్ సారా. రెండో గ్లాసుకి నా అంకె యాభైకి దిగింది. నాలుగోదానికి ముప్ఫై. ఆరోదానికి వాచీ "అద్భుతమైన విశ్రాంతి, ఇలాగే కొనసాగించండి" అని మెచ్చుకుంది. అప్పటికి నేను ఎడిటర్‌గారి కుర్చీ కింద ఉన్నాను. సైన్సుతో వాదించడానికి నేనెవణ్ణి?

దుకాణంలో, బాతుతో తినే ఎర్ర క్యాబేజీ ఆఖరి సీసా మీద చెయ్యి వేశాను. "ఆగండి, లోతుగా ఊపిరి తీసుకోండి" అంది వాచీ. ఆగాను. కళ్ళు మూసుకుని పన్నెండు సార్లు తీసుకున్నాను. కళ్ళు తెరిచేసరికి సీసా లేదు, నా వెనకాల నిలబడిన పెద్దావిడా లేదు. పోతే పోయింది క్యాబేజీ, నా అంకె యాభై రెండుకి వచ్చింది! ఇంటికెళ్ళి క్యాబేజీ దొరకలేదని చెప్పగానే ఎనభై ఒకటి అయిందనుకోండి, అది వేరే విషయం.

ఇలా మా ముగ్గురి అంకెలూ అరవైకీ ఎనభైకీ మధ్య కొట్టుకుంటుంటే, అత్తగారివి చూడాలి! తొమ్మిది. పదకొండు. ఎనిమిది. మళ్ళీ తొమ్మిది. విబెకె పేరు ఎదురుగా మాత్రం ఐదో తారీఖు నుంచి ఖాళీ. పంతులమ్మకి పరీక్ష ఏమిటిలే అని ఎవరం పట్టించుకోలేదు.

"చూశావా బావా, అమ్మని!" అని ఫోన్ చేసింది విబెకె. "నేను నేర్పిన ఊపిరి వ్యాయామం చేస్తోంది! నువ్వూ ఉన్నావు, దేనికి?"

"రోజుకి పద్దెనిమిది గంటలు నిద్రపోతున్నట్టు చూపిస్తోందేమిటే?"

"పోనివ్వు బావా, పెద్దావిడ."

"పోస్ట్‌మాన్ వచ్చే వేళకి మాత్రం గుండె ఉన్నట్టుండి నూట యాభై కొడుతోంది. రోజూ!"

ఎనభై మూడేళ్ళ వయసులో పోస్ట్‌మాన్‌ని చూస్తే ఆవిడ గుండె ఎగురుతోందంటే అది ఆవిడ సొంత విషయమని ఇద్దరం ఊరుకున్నాం.

ఇరవై నాలుగో తారీఖు సాయంత్రం ఆరింటికి అందరం బల్ల చుట్టూ చేరాం. విబెకె తన ఫోన్‌ని కొవ్వొత్తి స్టాండుకి ఆనించి నిలబెట్టింది, అంకెలు అందరికీ కనిపించేలా. ఆ రోజు అత్తగారిది ఏడు. బాతు వచ్చింది. పాకం బంగాళాదుంపలు రాలేదు. వాటి బదులు విబెకె ఆవిరి మీద ఉడికించిన క్యాలీఫ్లవర్ తెచ్చింది. అత్తగారు తన ప్లేట్లో రెండు ముక్కలు వేసుకున్నారు. కిర్స్టినె కళ్ళు తుడుచుకుంది, ఉల్లిపాయ అంది.

తర్వాత రిసలమాంగ్. అన్నం, మీగడ, బాదం పలుకులు, పైన చెర్రీ సాస్. ఆ గిన్నె మొత్తానికి ఒకే ఒక్క ముక్క చేయని బాదం ఉంటుంది. అది దొరికినవాడికి మార్జిపాన్ పంది, అంటే బాదం పిండితో చేసిన మిఠాయి బొమ్మ, బహుమతి. కానీ దొరికిందని చెప్పకూడదు. బుగ్గన దాచుకుని, మిగతావాళ్ళు దాని కోసం గిన్నె అడుగుదాకా గోకేవరకూ అమాయకంగా మొహం పెట్టుకుని కూర్చోవాలి. ఈ ఒక్క విద్యలో మా డెన్మార్క్ డేన్లని మించినవాళ్ళు లేరు.

ఈసారి విబెకె గిన్నె బల్ల మీద పెట్టలేదు. మితంగా తినాలని ఐదు చిన్న గ్లాసుల్లో తనే వడ్డించి తెచ్చింది. రెండో చెంచాకి నా పంటి కింద ఏదో గట్టిగా తగిలింది.

బాదం! పంతొమ్మిదేళ్ళ తర్వాత! ఎడమ బుగ్గలోకి తోశాను. బీప్ మంది వాచీ. ఎనభై రెండు.

"ఏమైంది?" అంది కిర్స్టినె.

"క్యాలీఫ్లవల్ పడలేదు," అన్నాను, బుగ్గ నిండా బాదంతో. ఎవరికీ అనుమానం రాకూడదుగా, అందుకని, "ఇంకాస్త పెట్టండి అత్తయ్యా, నాకింకా దొలకలేదు!"

బీప్! కిర్స్టినె వాచీ. "నాకూ ఇంకాస్త అమ్మా," అంది, పెదాలు సరిగ్గా కదపకుండా. బీప్ బీప్! ఎస్బెన్. అతను నోరు విప్పలేదు, గ్లాసు ముందుకు తోశాడు. అత్తగారు వంటింట్లోంచి పెద్ద గిన్నె పట్టుకొచ్చారు. తిన్నాం. మళ్ళీ తిన్నాం. ఎవరూ మాట్లాడరు, ఎవరూ ఆపరు, వాచీలు మాత్రం కీచుమంటూనే ఉన్నాయి. ఎస్బెన్ తొంభై దాటాడు.

"ఆపండి!" అని అరిచింది విబెకె. "అందరి గ్లాసుల్లోనూ బాదం వేశాను! ఓడిపోయామన్న ఒత్తిడి ఎవరికీ ఉండకూడదని! దొరికింది, దొరికింది అని అందరూ చెప్పేసి ఒక్క గ్లాసుతో ఆపేస్తారనుకున్నాను!"

చెప్పేయడమా? బాదం దొరికిన డేన్ నోరు తెరవడమా? ఈ దేశంలో పుట్టి, ఈ బల్ల దగ్గరే పెరిగిన మనిషి ఆ సంగతి ఎలా మరిచిపోయింది? నాకు ఆశ్చర్యం వేసింది, అంతకంటే ఆలోచించలేదు. ముగ్గురం తలొకటీ ప్లేట్లో ఉమ్మేశాం. అత్తగారు కూడా తాపీగా తనది తీసి పక్కన పెట్టారు.

సరిగ్గా అప్పుడే ఫోన్‌లో అత్తగారి పేరు ఎర్రగా వెలిగింది. గుండె నూట డెబ్బై ఒకటి! "శభాష్! చక్కటి పరుగు!" అని రాసి ఉంది.

అత్తగారు కదలకుండా కూర్చుని రుమాలు మడుస్తున్నారు.

"అమ్మా!" విబెకె లేచిన విసురుకి కుర్చీ పడిపోయింది. "అమ్మా, ఏమవుతోంది నీకు? డాక్టర్ని పిలవండి ఎవరైనా!"

"నాకేం కాలేదే."

బల్ల కింద ఏదో నములుతున్న చప్పుడు. ఎస్బెన్ గుడ్డ ఎత్తాడు. బెర్టిల్ బాతు తోలు ముక్క తింటున్నాడు. వాడి ముందు కాలికి వాచీ.

"ఎప్పట్నుంచి?" అంది విబెకె.

"నువ్వు కట్టిన రోజు నుంచే. నువ్వు గేటు దాటకముందే తీసి కట్టేశాను. వాడికి చక్కగా సరిపోయింది."

"మరి నీ అసలు అంకె ఎంతమ్మా?"

"నాకేం తెలుసు? సాస్ విరిగిపోతుందేమో, బాతు మాడిపోతుందేమో అని యాభై ఏడేళ్ళుగా ఈ రోజున నాకు చేతులు వణుకుతూనే ఉన్నాయి. అదే నాకు సంతోషం తల్లీ. అది కూడా తీసేసుకుని కాళ్ళు నీళ్ళలో పెట్టుకోమంటావా?" అత్తగారు చెయ్యి చాచారు. "అది సరే. నీ వాచీ ఏదీ?"

విబెకె చేతికి ఏమీ లేదు.

"తీసేశాను," అంది. "క్లాసులో ఉండగా పావుగంటకోసారి 'విశ్రాంతి తీసుకోండి' అని మోగుతోంది. ఈ నెలలో ముప్ఫై ఒక్క ఆఫీసులు తిరిగానమ్మా. ప్రశాంతంగా ఉండండి, ప్రశాంతంగా ఉండండి అని చెప్పీ చెప్పీ..." ఇక ఆపుకోలేకపోయింది. "అలిసిపోయానమ్మా."

ఆ ఖాళీని మేం ముగ్గురం ఇరవై రోజులు చూశాం. రోజూ చూశాం. నాకు సిగ్గేసింది.

అత్తగారు లేచి మార్జిపాన్ పందిని తెచ్చి విబెకె ఒళ్ళో పెట్టారు. ఓవెన్ తెరిచి ఒక గిన్నె తీశారు. పాకం బంగాళాదుంపలు! నాలుగింటి నుంచీ అక్కడే దాచారట.

"హోటల్ క్యాన్సిల్ చేస్తానమ్మా," అంది విబెకె ముక్కు తుడుచుకుంటూ.

"ఎందుకే? జనవరిలో నువ్వు వెళ్ళు, ఒక్కదానివే. కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని నోరు మూసుకుని కూర్చో. బాతు మాత్రం వచ్చే ఏడాదీ ఇక్కడే. బాదం ఒక్కటే."

విబెకె పదకొండు బంగాళాదుంపలు తిని సోఫాలో కూర్చుంది. ఏడుంపావుకల్లా పందిని పట్టుకుని నిద్రపోయింది. బెర్టిల్ వెళ్ళి ఆమె కాళ్ళ మీద పడుకున్నాడు.

ఇంకా చెట్టు చుట్టూ తిరగలేదు, పాటలు పాడలేదు. ఏం చేస్తాం? చెప్పులు విప్పి, మేజోళ్ళతో, నలుగురం చేతులు పట్టుకుని తిరిగాం. ఉన్న పాటలన్నీ గుసగుసగా పాడాం. గట్టిగా పాడితే కిటికీలు అదిరే ఎస్బెన్ ఆ రోజు ఎంత బాగా పాడాడో! మూడో చుట్టులో నా వాచీ గొంతు సవరించుకున్నట్టు చిన్నగా కొట్టుకుంది. అది మోగితే విబెకె లేచిపోతుంది. తీసి చెర్రీ సాస్‌లో పడేశాను.

కాబట్టి పాఠకులారా, వాచీ తప్పకుండా కొనుక్కోండి. నీళ్ళలో పడినా ఏమీ కాదని దాంతో ఇచ్చిన పుస్తకంలో రాసి ఉంది. చెర్రీ సాస్ సంగతి మాత్రం ఎక్కడా రాయలేదు.