నూట పది దాటిన గుండె

మనిషి ఒంట్లో కొవ్వు తన ఇష్టమొచ్చినట్టు కరిగే రోజులు పోయాయి. కలకత్తాలో మా సరస్సు గట్టు ఉదయపు నడక సమితి ఏకగ్రీవంగా చేసిన తీర్మానం ప్రకారం (హాజరు పదకొండు మంది, కచోరీలు నలభై నాలుగు), ఇకపై సభ్యుల కొవ్వు, కార్యవర్గం ఖరారు చేసిన గుండె వేగంలోనే కరగాలి.

ఇదంతా మా కార్యదర్శి నిహార్ పాక్రాశీ చలవ. ముప్పై ఏళ్లు ఓడరేవులో ఏ ఓడకు ఎంత బొగ్గు పట్టిందో రాసిన మనిషి. రిటైరయ్యాక చేతికి ఒక గడియారం వచ్చింది. అది గుండె వేగమే కాక, ఒంట్లో ఏ ఇంధనం ఎంత శాతం కాలుతోందో కూడా చూపిస్తుంది. సభ్యులందరి చేతా అలాంటిదే కొనిపించాడు. గుండె నెమ్మదిగా కొట్టుకుంటే కొవ్వు వాటా ఎక్కువ, వేగం పెరిగేకొద్దీ చక్కెర వాటా ఎక్కువ. ఇంతవరకూ శాస్త్రం. మిగతాది సమితి.

నిమిషానికి నూట పది దాటిన సభ్యుడు చక్కెర దుర్వినియోగానికి సంజాయిషీ రాసివ్వాలి. నడకలో ఫుట్‌బాల్ ప్రస్తావన నిషేధం (పాత గోలు ఒకటి గుర్తుచేస్తేనే ముగ్గురు నూట ముప్పైకి వెళ్లారు).

ఈ నియమానికి మొదట దొరికిపోయింది మందిరా సర్ఖేల్. ఆమె తమ్ముడు ఖోకన్‌కు రెండు కిడ్నీలూ పాడైపోయాయి. అక్క కిడ్నీ సరిపోతుంది కానీ, ముందు ఆమె ఎనిమిది కిలోలు తగ్గాలన్నారు. అందుకే గట్టు మీద పరుగులాంటి నడక నడిచేది.

"నిహార్‌దా, డాక్టరేమో బాగా చెమట పట్టేలా నడవమన్నాడు," అంది.

"చెమటంటే నీళ్లు, బౌదీ," అన్నాడు నిహార్ వదిన వరస కలుపుతూ. "మీకు పోవాల్సింది కొవ్వు. ఆ డాక్టరు చేతికి ఇలాంటి గడియారముందా?"

"లేదు."

"మరి!"

తమ్ముడి విషయంలో పొరపాటు జరగకూడదని పాపం ఆమె ఒప్పుకుంది. వేగం తగ్గించగానే కొవ్వు శాతం పెరిగింది. ఇంకా తగ్గిస్తే ఇంకా పెరిగింది. జ్యేష్ఠమాసానికల్లా పరిమితి తొంభై అయింది. ఆషాఢంలో, బెంచీ మీద కూర్చున్నప్పుడే శాతం అత్యధికమని కనిపెట్టి, నడకను రద్దు చేశాం. సమితి పేరులో మాత్రం ఉంచాం. కొట్టుదాకా వెళ్తే గుండె వేగం పెరుగుతుంది కనుక కచోరీలు బెంచీ దగ్గరికే తెప్పించాం.

మూడు నెలల తర్వాత ఆస్పత్రి కాటా ఎక్కితే మందిర కిలోన్నర పెరిగింది. డాక్టర్ కుండు తల పట్టుకున్నాడు.

"దిదీ, ఒక్క కచోరీలో ముప్పావు తిన్నవాడు ఎక్కువ తిన్నట్టా, పది కచోరీల్లో సగం తిన్నవాడా? మీవాళ్లు శాతం చూస్తూ మొత్తం సంగతే మర్చిపోయారు!"

ఆపరేషను వాయిదా పడింది. మర్నాడు ఆమె నేరుగా బెంచీ దగ్గరికొచ్చింది.

"మీరు చెప్పినట్టే కూర్చున్నాను, నిహార్‌దా. ఇప్పుడు ఖోకన్‌కి నేనేం చెప్పాలి?"

"పెరిగింది బరువే కదా బౌదీ. మీ శాతం చూడండి, సమితిలోనే ఫస్టు!"

"మీ శాతాన్ని తీసుకెళ్లి ఆ నీళ్లలో పారేయండి!"

నాకు నిజంగా సిగ్గేసింది. ఆమె పక్షాన ఒక మాట అందామనుకున్నాను, కానీ అప్పటికే నా గడియారం ఎనభై ఎనిమిది చూపిస్తోంది. ఆమె మాత్రం కొంగు బిగించి గట్టు చుట్టూ నడక మొదలుపెట్టింది. మొదటి మలుపులోనే నూట ముప్పై నాలుగు. సభ్యత్వం అక్కడికక్కడే రద్దయింది.

ఖాళీ అయిన ఆమె స్థానంలో ఖోకన్‌ను చేర్చుకున్నాం. వారానికి మూడు రోజులు, రోజుకు నాలుగు గంటలు డయాలసిస్ మంచం మీద కదలకుండా పడుకుంటున్నాడు. ఇంత క్రమశిక్షణ గల సభ్యుణ్ణి సమితి ఇంతకుముందు చూడలేదు.