అక్క కారుకు బ్రేకులెందుకండీ?

కారుకు బ్రేకులు అనవసరం. ఈ మాట నేను బాగా ఆలోచించి, ఒంటి మీద తెలివి ఉండగానే రాస్తున్నాను. నవ్వకండి. బ్రేకులు లేని కారు మా ఇంట్లోనే ఒకటుండేది. అది ఎవరినీ గుద్దలేదు. ఎర్ర లైటు దాటలేదు. ఏ పోలీసూ దాన్ని ఆపలేదు! నాలుగు చక్రాలకూ బ్రేకులు పెట్టుకుని తిరిగే మీ కారు గురించి ఇంత మాట అనగలరా? గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పండి.

షెడ్డులో దిమ్మల మీద కూర్చున్న కారు ఎవరిని గుద్దుతుందయ్యా అంటారు. అనండి. మంచి పని చేసేవాడికి మాటలు తప్పవు.

ఆ కారు మా అక్కది. మా నాన్న ముచ్చటపడి కొనుక్కుని, ముచ్చట తీరాక ఆమెకిచ్చాడు. ఆయన కొనేనాటికే అది ముసలిది. అక్క పళ్ల డాక్టరు. ఆమె కోరికల్లా ఒక్కటే: పొద్దున్నే ఆ కారు తానే నడుపుకుంటూ క్లినిక్కుకు వెళ్లాలి. అంతకుమించి ఆమె ఎవరినీ ఏమీ అడగలేదు.

కానీ మా బావ ఉన్నాడే, మంచివాడు. ఆ మంచితనానికి అడ్డూ ఆపూ లేదు. నిరుడు ఒక ఆదివారం చేతులు తుడుచుకుంటూ షెడ్డులోంచి వచ్చి, "పాపం, నీకెంత కష్టంగా ఉందో!" అన్నాడు.

"నాకేం కష్టం?" అంది అక్క.

"గేరు మార్చాలంటే క్లచ్ రెండుసార్లు తొక్కాలి. పైగా లోపల గేరు చక్రాల పళ్లు అరిగిపోయాయి. తర్వాతి మోడల్ గేరుబాక్సు తెచ్చి బిగిస్తా. వేలితో ఇలా అంటే చాలు, గేరు పడిపోతుంది. అంతా నీ కోసమే!"

"నేను కష్టమని అన్నానా?"

"నువ్వు అనవు. నాకు తెలీదూ!"

చూశారా, ఎంత పెద్ద మనసో! మనం అడక్కుండానే మన కష్టం కనిపెట్టేవాళ్లు దొరకడం అదృష్టం కాదూ? మా ఆఫీసులో కుళాయి తిప్పడానికి మేమంతా నానా అవస్థా పడుతున్నామని పైవాళ్లు కనిపెట్టారు. తిప్పక్కర్లేని కుళాయి పెట్టించారు. ఇప్పుడు చేతులు కడుక్కోవాలంటే దాని ముందు నిలబడి కాసేపు నాట్యం చేయాలి. నీళ్లు రాకపోయినా ఒళ్లు తేలికవుతుంది. మా వీధి చివర ఇంట్లో తలుపుకు తాళంచెవి అక్కర్లేదు, యజమాని ముఖం చూసి అదే తెరుచుకుంటుంది. పాపం, ఆయన గడ్డం గీయించుకొచ్చిన రోజున మా ఇంట్లోనే భోంచేశాడు. ఇరుగుపొరుగు మధ్య ఇన్ని రాకపోకలు పాత తాళంకప్పతో సాధ్యమయ్యేవా?

సరే, కొత్త గేరుబాక్సు వచ్చింది. ఇంజనుకు చక్కగా అతుక్కుంది. బావ ఈల వేశాడు. ఆ ఈల సగంలో ఉండగానే చేతిలోకి చూసుకున్నాడు. చేతిలో బ్రేకు పెడల్ మిగిలిపోయి ఉంది!

విషయం ఏమిటంటే, ఆ కాలపు కార్లలో బ్రేకులంటే ఇనప కడ్డీలు. పెడల్ తొక్కితే కడ్డీలు లాగుతాయి, చక్రాలు ఆగుతాయి. ఆ పెడల్ వేలాడేది పాత గేరుబాక్సు పెట్టెకు పక్కనున్న ఒక ఇనప కొమ్ముకు. తర్వాతి మోడల్ కార్లకు ఆయిల్ బ్రేకులు. వాటి పెడల్ ఇంకెక్కడో ఉంటుంది. అందుకని కొత్త పెట్టెకు ఆ కొమ్ము లేదు. తడిమి చూస్తే నున్నగా ఉంది.

"దీన్నిప్పుడు ఎక్కడ తగిలించాలి?" అన్నాడు బావ.

"గోడకు మేకు కొట్టనా బావా?" అన్నాను. సాయం చేద్దామనే అన్నాను.

బావ వెనకడుగు వేసే రకం కాదు. ఆయిల్ బ్రేకులే పెట్టేద్దామన్నాడు. వాటికి చక్రాలు మార్చాలి. చక్రాలకు ఇరుసు మార్చాలి. ఇరుసుకు స్ప్రింగులు, స్ప్రింగులకు ఫ్రేము. లెక్క వేసుకుంటూ పోతే చివరికి పాత హారన్ ఒక్కటి మిగిలింది. దాని కింద కొత్త కారు కొని బిగిస్తే సరిపోతుంది!

ఈలోగా అక్కను రోజూ క్లినిక్కులో దింపే భాగ్యం నా స్కూటరుకు దక్కింది. ఇది లాభం కాదా? పెళ్లయ్యాక అక్కాతమ్ముళ్లు ఇంత దగ్గరగా కూర్చున్న ఇల్లు ఇంకోటి చూపించండి. షెడ్డు ముందు నుంచి వెళ్లేటప్పుడల్లా నా భుజం మీద ఆమె చెయ్యి బిగిసేది. నిజం చెప్పొద్దూ, నాకు బాధగానే ఉండేది.

ఒక రోజు వాన మమ్మల్ని నిలువునా తడిపేసింది. ఇంటికి రాగానే అక్క చీర కొంగు పిండుకుంటూ తిన్నగా షెడ్డులోకి నడిచింది. బల్ల మీద పాత పెట్టె, ఇంజను నుంచి మళ్లీ ఊడదీసిన కొత్త పెట్టె, రెండూ మూతలు తీసి ఉన్నాయి. బావ చేతిలోంచి టార్చి లాక్కుని, నోరు తెరిచిన పేషెంటును చూసినట్టు రెండింట్లోకీ వంగి చూసింది.

"అరిగింది పళ్లేగా?"

"పళ్లే."

"దవడ బాగానే ఉందిగా?"

"దవడేంటే?"

"ఈ పెట్టె. బ్రేకు వేలాడేది దీనికేగా! ఏవండీ, పళ్లు పాడైతే నేను పళ్లు మారుస్తాను. దవడ ఊడబెరికి పక్కింటాయన దవడ తెచ్చి పెట్టను. ఆ కొత్త పళ్లు తీసి ఈ పాత పెట్టెలో పెట్టకూడదా?"

బావ రెండు పెట్టెల్లోకీ మార్చి మార్చి చూశాడు.

"సరిగ్గా నేనూ అదే అనుకుంటున్నా," అన్నాడు బావ.

మెకానిక్కు వచ్చాడు. కొత్త పళ్లు పాత పెట్టెలో కూర్చున్నాయి. ఒకటి రెండు చోట్ల కాస్త అరగదీయాల్సి వచ్చింది. పెడల్ తన కొమ్మెక్కి కూర్చుంది. కారు దిమ్మలు దిగింది.

"నీకు అలవాటయ్యేదాకా నేను నడుపుతాలే," అన్నాడు బావ. అక్క చెయ్యి చాపింది. బావ తాళాలు ఇచ్చాడు. ఆయన ముందు సీట్లో, నేను వెనక సీట్లో.

బయల్దేరాం. అక్క క్లచ్ రెండుసార్లు తొక్కి గేరు మార్చింది.

"రెండుసార్లు ఎందుకు? అది తప్పించడానికేగా ఇంత చేసింది!"

"నా కాలికి అలా అలవాటైపోయిందండీ. నాన్న అలా నేర్పారు. నా చేతిలో పాత గేరు ఎప్పుడైనా కుయ్యిమందా?"

బావ కిటికీలోంచి బయటికి చూశాడు. ఎందుకంటే, బావ చేతిలో ఆ పాత గేరు పెట్టే గోలకు వీధిలోవాళ్లు పొయ్యి మీద పాలు వదిలేసి మరీ బయటికి వచ్చేవారు. ఆ పళ్లు ఊరికే అరగలేదు!

అయినా మంచివాడు ఊరుకోలేడుగా. "స్టీరింగు అంత గట్టిగా పట్టుకోకు. ఎడమకు పో. ఎదర లారీ. బ్రేకు! కడ్డీ బ్రేకులు, ముందు నుంచే తొక్కాలి. నీ మంచికే చెబుతున్నా, బ్రేకు!" అంటూ తన కాలితో నేలను తొక్కుతూనే ఉన్నాడు.

అక్క బ్రేకు తొక్కింది. కారు అటూ ఇటూ లాగకుండా, నాలుగు చక్రాల మీదా బుద్ధిగా ఆగింది. ఎదర లారీ ఎప్పుడో వెళ్లిపోయింది. రోడ్డు ఖాళీగా ఉంది.

"ఎందుకాపావ్?"

"దిగండి."

"నేనా? ఎందుకు?"

"మీ కోసమేనండీ! ఈ సీటు మీకు ఇరుకుగా ఉంది పాపం. హాయిగా నడుచుకుంటూ ఇంటికెళ్లండి."

బావ దిగాడు. మూడో గేరు గురించి నేనూ ఒక మాట చెబుదామనుకున్నాను. అద్దంలో అక్క కళ్లు కనిపించాయి. మానేశాను. ఆమె పాట పాడుకుంటూ క్లినిక్కుదాకా నడిపింది.

అందుచేత పాఠక మహాశయులారా, నా అభిప్రాయం మార్చుకున్నాను. కారుకు బ్రేకులు ఉండాల్సిందే. అడక్కుండా మేలు చేసేవాళ్లకు కూడా ఒకటి బిగిద్దామని మెకానిక్కును అడిగాను. ఆ పార్టు ఇంకా ఏ మోడల్‌కూ రాలేదట.