అందరికీ వచ్చిన అదృష్టం

ఆ ఉదయం ఆయన పథకం చాలా చిన్నది. ఆఫీసుకు కాస్త ముందుగా వెళ్ళడం, మధ్యాహ్నం మెయిల్ మోసాల మీద ఇవ్వబోయే ఉపన్యాసం కోసం నమూనాగా ఒక దొంగ మెయిల్ తయారుచేసుకోవడం, సాయంత్రానికి కంపెనీ భద్రతాధికారి అయి ఇంటికి తిరిగి రావడం.

లిఫ్టులు బాగుచేసే ఒక కంపెనీలో ఆయన లెక్కలు చూస్తాడు. అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది గానీ, ఆఫీసులో అందరూ అనుమానం గారనే పిలుస్తారు. ఆయన దాన్ని బిరుదుగా స్వీకరించాడు. ఏ బిల్లు వచ్చినా వెలుతురుకెత్తి చూస్తాడు. ఎవరైనా నవ్వుతూ పలకరిస్తే, ఎందుకు నవ్వారో తేలేదాకా తిరిగి నవ్వడు. ఇంతవరకూ ఎవరి చేతిలోనూ మోసపోలేదన్నదే ఆయన ఆస్తి. పైకి చెప్పుకోడు గానీ, వేరే ఆస్తి లేదు కూడా.

"బాగానే చెబుతారు కానీ, మరీ మందలించినట్టు చెప్పకండి," అంది భార్య, ఆయన చొక్కాకు ఊడిన గుండీ కుడుతూ. "ఇంత చిన్న విషయం తెలీదా అని మొదలుపెడతారు మీరు. అది వింటే తెలిసింది కూడా మర్చిపోతాం."

"తెలీనివాళ్ళకి తెలీదనే కదా చెప్పాలి."

"చెప్పండి. పెళ్ళైనప్పట్నుంచీ వింటూనే ఉన్నాగా."

ఆ పదవి వస్తే విడిగా ఒక గది వస్తుంది. ఇప్పుడు ఆయన బల్ల సామాన్ల కొట్టు పక్కనే ఉంది. అక్కడ ఇనప గొలుసులు నేలమీద పడేసినప్పుడల్లా ఆయన కూడిక మళ్ళీ మొదటికొస్తుంది. ఉపన్యాసం నచ్చితే ఇవాళే ప్రకటిస్తానని మేనేజరు మాటిచ్చాడు.

ఎవరూ రాకముందే ఆయన రాయడానికి కూర్చున్నాడు. దొంగగా ఆలోచించడంలో ఇంత హాయి ఉంటుందని అప్పటిదాకా తెలియదు. ప్రియమైన విజేతా, అని మొదలుపెట్టాడు, పేరు రాయలేదు. కొనని టిక్కెట్టుకు కోట్లలో బహుమతి ప్రకటించాడు. సాయంత్రంలోగా బ్యాంకు ఖాతా నంబరు పంపకపోతే బహుమతి రద్దన్నాడు. ముందుగా కొంత రుసుము కట్టాలన్నాడు. అసలు సరుకు చివర పెట్టాడు: ఈ శుభవార్త దయచేసి ఎవరికీ చెప్పకండి. మొత్తం చదువుకుంటే తనకే గుండె కాస్త ఝల్లుమంది. అది తన పనితనం అనుకున్నాడు.

దాన్ని ఇందుకోసమే తెరిచిన కొత్త ఖాతా నుంచి తన ఆఫీసు మెయిల్‌కు పంపుకోవాలి. ఇక్కడ వేళ్ళు కొంప ముంచాయి. తర్వాత ఎవరూ నాకు తెలీదండీ అని తప్పించుకోకుండా, ఎంత చిన్న కబురైనా ఆఫీసులో అందరికీ చేరే చిరునామాకే పంపడం ఆయనకు ఏళ్ళనాటి అలవాటు. వేళ్ళు ఆ చిరునామానే కొట్టాయి. అందరితోపాటు తనకూ వచ్చింది గనక ఆయనకు అనుమానం రాలేదు. ఆ ఒక్కసారే రాలేదు.

కాసేపటికి ఆఫీసు వాలకం మారింది. ఆయనతో ముభావంగా ఉండే రిసెప్షనిస్టు తనంతట తనే బల్ల దగ్గరికి వచ్చింది.

"అనుమానం గారూ, మొన్న మీరు నన్నన్న మాటలన్నీ మర్చిపోయానండి."

"నేనేమన్నాను?"

"మర్చిపోయానన్నాను కదండీ."

సామాన్ల కొట్లో పెద్ద మెకానిక్ ఎవరికో ఫోన్లో చెబుతున్నాడు. "లిఫ్టు ఆగిపోతే మెట్లెక్కండమ్మా. ఒంటికి మంచిది." ఫోను పెట్టేసి ఈయనవైపు తిరిగాడు. "ఇన్నేళ్ళుగా జనాన్ని పైకి పంపుతూనే ఉన్నా సార్. మనమూ ఓ రోజు పైకెళ్ళాలి కదా."

"ఆ మాటలేంటయ్యా పొద్దున్నే?"

"ఆ పైకి కాదు సార్," అన్నాడు మెకానిక్, ఎంతో దయగా.

మేనేజరైతే స్వయంగా కాఫీ కప్పు తెచ్చి ఆయన బల్లమీద పెట్టాడు. "ఒక్క సందేహమయ్యా. బ్యాంకు ఖాతా నంబరుకి ముందు సున్నాలుంటే, అవి కూడా రాయాలా?"

"తప్పకుండా రాయాలండి. ఒక్క సున్నా పోయినా డబ్బు చేరదు."

"అదీ మాట," అని భుజం తట్టి వెళ్ళిపోయాడు.

ఆయనకు అంతా అర్థమైంది. పదవి విషయం అందరికీ ముందే తెలిసిపోయింది. కొత్త జీతం కోసం మేనేజరు ఈయన ఖాతా నంబరు సరిచూసుకుంటున్నాడు. మనిషి భయపడేదాన్ని వెలుతురుకెత్తి చూస్తాడు. కోరుకునేదాన్ని మాత్రం కళ్ళు మూసుకుని జేబులో వేసుకుంటాడు. ఆయన ఆ ఉదయమంతా కనబడ్డవాళ్ళందరికీ తిరిగి నవ్వాడు.

ఉపన్యాసానికి ముందు కొత్త ఖాతా తెరిస్తే అందులో జవాబులున్నాయి. మొదటిది మేనేజరుది, సున్నాలతో సహా. తొందరగా పంపిస్తే మీకూ కొంత ముట్టజెబుతానని కింద ఒక ముక్క. రిసెప్షనిస్టు, బహుమతి సంగతి భర్తకు తెలియకుండా ఉంటుందా అని అడిగింది. రుసుము మాఫీ చేస్తే మీ ఆఫీసు లిఫ్టు జీవితాంతం ఊరికే చూస్తానన్నాడు మెకానిక్. మిగిలినవాళ్ళూ ఎవరూ తీసిపోలేదు.

మొదట ఆయనకు పొగరెక్కింది. అందరూ పడ్డారు, తనొక్కడే నిలబడ్డాడు. తర్వాత, పొద్దున తను ఏ చిరునామాకు పంపాడో చూసుకున్నాడు. నిలబడ్డవాడే కదా గొయ్యి తవ్వింది.

సమావేశం గదిలో ఆయన ఆ మెయిల్‌ను తెరమీద వేశాడు.

"ఇది మోసం," అన్నాడాయన.

మెకానిక్ గొంతు సవరించుకున్నాడు. "మా బావమరిదికి ఇలాంటిదే వచ్చింది సార్."

"మా ఆడపడుచుక్కూడా," అంది రిసెప్షనిస్టు నేల చూస్తూ.

"నా తోడల్లుడొకడున్నాడు, వట్టి తెలివితక్కువవాడు," అన్నాడు మేనేజరు. "వాడు పొద్దున్నే నంబరిచ్చేశాడనుకో. ఏం చెయ్యాలి?"

"వెంటనే బ్యాంకుకి ఫోన్ చేసి చెప్పాలండి. పాస్‌వర్డు మార్చుకోవాలి. రుసుం పైసా కట్టకూడదు, మళ్ళీ జవాబివ్వకూడదు. పోలీసులకి ఫిర్యాదు చెయ్యాలి. అదీ ఇప్పుడే."

ఒక్క చెయ్యి కూడా ఫోనువైపు కదల్లేదు. ఫోను తీస్తే బావమరిది ఎవరో తేలిపోతుంది. ఇవాళ పంపిన నంబర్లు తన దగ్గరే ఉన్నాయి, పరవాలేదు. రేపు నిజమైన దొంగ రాస్తే అప్పుడూ వీళ్ళిలాగే కూర్చుంటారు. దొంగకు పెట్టుబడి మనిషి ఆశ అనుకున్నాడు ఇన్నాళ్ళూ. కాదు, సిగ్గు. ఆశతో ఒక్కసారే దోచుకోగలడు. సిగ్గు ఉన్నంతకాలం మళ్ళీ మళ్ళీ రావచ్చు.

ఇంత చిన్న విషయం తెలీదా అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. గొయ్యి తవ్వింది నేనేనన్న మాట దాని వెనకే వచ్చింది. ఆ మాటంటే, జవాబులన్నీ చదివింది తనేనని తెలిసి ఇక్కడున్న ప్రతివాడూ జన్మంతా తన మొహం తప్పించుకు తిరుగుతాడు. ఆయన రెంటినీ మింగేశాడు.

"నాకూ వచ్చింది," అన్నాడు. "నమ్మాను. నంబరు కూడా పంపాను."

"మీరా?" అంది రిసెప్షనిస్టు.

"నేనే."

"అనుమానం గారు?"

"ఎన్నిసార్లడిగినా నేనేనమ్మా."

ముందు మెకానిక్ నవ్వాడు, తర్వాత గదంతా నవ్వింది. ఆ నవ్వులో ఆడపడుచులు, బావమరుదులు ఎటు పోయారో పోయారు. "నేనూ పంపానండీ" అని ఒక్కొక్కరే ఫోను తీశారు. బ్యాంకువాళ్ళు లైనులోకి వచ్చేలోపు తెరమీది మెయిల్‌ను ఏకి పారేశారు.

"మన పేరే లేదు చూడండి."

"కొనని టిక్కెట్టుకి బహుమతేంటి?"

"కోట్లు ఇచ్చేవాడు మన దగ్గర ముందు పుచ్చుకోవడమేంటి సార్? అందులోంచే కోసుకోవచ్చుగా," అన్నాడు మెకానిక్.

ఆయన ఇంకేమీ చెప్పాల్సిన పని పడలేదు. బల్ల దగ్గరికి వెళ్ళి ఆ జవాబులన్నీ చెరిపేసి, కొత్త ఖాతాను శాశ్వతంగా మూసేశాడు. ఏదో తేలికగా ఉంది. మోసపోయినవాళ్ళలో ఒకడిగా ఉండడం ఇంత సుఖమని ఆయనకు తెలియదు.

సాయంత్రం మేనేజరు గదికి పిలిచాడు.

"ధైర్యంగా ఒప్పుకున్నావు, మెచ్చుకున్నాను. కానీ ముందూవెనకా చూడకుండా నంబరిచ్చేవాడికి కంపెనీ భద్రత ఎలా అప్పగించనయ్యా?"

"నిజమేనండి."

"మా తోడల్లుడి సంగతి వేరు. వాడు నంబరులోని సున్నాలు కూడా జాగ్రత్తగా సరిచూసుకున్నాకే పంపాడు."

వచ్చే వారం నుంచి మోసాలను గుర్తుపట్టడంలో ఆయనకు ప్రత్యేక శిక్షణ మొదలవుతుంది. పాఠాలు చెప్పేది మేనేజరే.