శుభలేఖలో దేవుడికి చోటు చాల్లేదు

ఆ ఉదయం నరసింగరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి పెసరట్టు తినాలి, తొమ్మిదింటి పాసింజరెక్కాలి, గరివిడిలో కాబోయే వియ్యంకుడు సూరయ్య చేతిలో పెళ్లి శుభలేఖల కట్ట పెట్టాలి, మధ్యాహ్నం భోజనానికి కొత్తవలస తిరిగొచ్చేయాలి. రైల్వేలో ముప్పై నాలుగేళ్లు టిక్కెట్లిచ్చిన మనిషి. రైళ్లు ఆలస్యమవుతాయి గాని తన పథకాలు ఆలస్యం కావని ఆయన గట్టి నమ్మకం.

పెసరట్టు సగంలో ఉండగా భార్య తాయారు కళ్లజోడు పెట్టుకుని శుభలేఖను పైనుంచి కిందికీ, కిందినుంచి పైకీ చదివింది.

"ఏటండీ, 'దేవుని చిత్తమైతే' అన్న మాట కనపడదేటి?"

క్రైస్తవ విశ్వాసుల ఇళ్లలో అదొక ఆనవాయితీ. పెళ్లయినా, గృహప్రతిష్ఠయినా, ఆఖరికి సండేస్కూలు పిల్లల విహారయాత్రయినా, కాగితం మీద తేదీ వేసేముందు ఆ మాట వేస్తారు. రేపు మన జేబులో లేదని దేవుడి ముందు ఒప్పుకోవడమన్నమాట. ఈ శుభలేఖలో అదొక్కటే లేదు, తక్కినవన్నీ ఉన్నాయి. పెళ్లికూతురి తండ్రి పేరు కింద 'రిటైర్డ్ చీఫ్ బుకింగ్ సూపర్‌వైజరు' అని ఒక వరస, 'సంఘ కార్యదర్శి' అని ఒక వరస, 'బైబిలు క్విజ్ జిల్లా ప్రథమ విజేత' అని మరో వరస.

"సోటు సాల్లేదే. ఒక వరస తీసీమన్నాడు ప్రెస్సువోడు."

"అందుకని దేవుణ్ణి తీసీసినారా?"

"దేవుడేటీ అనుకోడు. ఆయన మనసు పెద్దది."

"క్విజ్జు తీసీలేకపోనారా?"

"అది జిల్లా స్థాయే!"

తాయారు వాదించలేదు. "గంగులు సూస్తే ఏటంటాడో" అని మాత్రం అని, పెనం మీద అట్టు తిప్పడానికి వెళ్లిపోయింది.

నరసింగరావు పెసరట్టు పళ్లెం పక్కకు నెట్టేశాడు. కిందటేడు అదే సంఘంలోని గంగులు కొత్త ఇంటి గృహప్రతిష్ఠ కార్డులో ఆ మాట వేయించడం మరిచిపోతే, చర్చిలో మైకు పట్టుకుని అరగంట కడిగేసింది ఈయనే. బైబిల్లో ఆకాశానికి గోపురం కట్టబోయినవాళ్లు చెదిరిపోలేదా, గర్వించిన రాజు ఎద్దులా గడ్డి మేయలేదా, కొత్త కొట్లు కట్టుకుంటానన్న ధనవంతుడు తెల్లారేసరికి పోలేదా, రేపటిమీద నీకు అధికారం ఎవరిచ్చారు గంగులూ అని నిలదీస్తే, పాపం ఆ మనిషి భార్య పక్కన కూర్చుని కళ్లు తుడుచుకున్నాడు. ఇప్పుడీ శుభలేఖ గంగులు ఇంటికీ వెళ్లాలి. తొమ్మిదింటి పాసింజరు నరసింగరావు లేకుండానే వెళ్లిపోయింది.

మధ్యాహ్నానికల్లా ఎర్ర అక్షరాలతో నాలుగొందల చీటీలు అచ్చయి వచ్చాయి. అంటించడానికి శుభలేఖలో మిగిలిన ఖాళీ ఒక్కచోటే, పెళ్లి తేదీకి కింద. మైదా జిగురుతో భార్యాభర్తలూ, పెళ్లికూతురు సుహాసినీ సాయంత్రందాకా అంటించారు. 'మే 18, గురువారం ఉదయం పదిన్నర గంటలకు' అన్న వరస కింద, కాస్త వంకరగా, ఎర్రగా 'దేవుని చిత్తమైతే' అని కుదిరింది. నరసింగరావు కార్డును చేతికందినంత దూరం పెట్టి చూసుకుని మురిసిపోయాడు.

"ఇంత తగ్గింపూ అణకువా ఉన్న కార్డు జిల్లాలోనే ఉండదే తాయారూ!"

అంతటితో ఆగితే ఆయన నరసింగరావెందుకవుతాడు? ఆ రోజునుంచి ఆయన నోట రేపటి మాట విడిగా రావడం మానేసింది. సాయంత్రం నడకకు వెళ్తారా అంటే దేవుని చిత్తమైతే, చారులో ఉప్పు వేయనా అంటే దేవుని చిత్తమైతే. వంట మేస్త్రి జోగయ్య లెక్క ఖాయం చేసుకోవడానికి వచ్చాడు.

"బాబూ, పద్దెనిమిదో తారీకు ఆరొందలమందికి వంట. ఖాయమేనా?"

"దేవుని చిత్తమైతే, జోగయ్యా."

"అది సరే బాబూ. తమరి చిత్తమేటి?"

"మనదేటుంది? ఆవిరిలాంటి బతుకులు."

జోగయ్యకు ఆవిరి అంటే ఇడ్లీ గుండిగలో తెలుసు, మాటల్లో తెలీదు. ఇది తేలే బేరం కాదనుకుని, అదే రోజుకు బొబ్బిలి పెళ్లి ఒప్పేసుకున్నాడు. భోజనాల హాలు మేనేజరుకు కూడా ఫోనులో అదే జవాబు దొరికింది. ఆయన హాలు ఇంకెవరికో ఇచ్చేశాడు.

ఇక గరివిడి. శుభలేఖల కట్ట తెలిసినవాళ్ల చేత అందింది. సూరయ్య ఫ్యాక్టరీలో ఫోర్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి, ఏ వస్తువునైనా విప్పి చూస్తే గాని నమ్మడు. చీటీని తడిగుడ్డతో నానబెట్టి తీసి చూశాడు. కింద ఏమీ లేదు. ఏమీ లేకపోవడంతో అనుమానం ఇంకా పెరిగింది. కారణముంది. మనవాళ్లలో సంబంధం వద్దనుకున్నవాడెవడూ వద్దని చెప్పడు, 'ప్రార్థన చేశామండీ, దేవుని చిత్తం కనబడలేదు' అంటాడు. సూరయ్య పెద్దకూతురికి మొదట కుదిరిన సంబంధం సరిగ్గా ఆ మాటతోనే, ప్రధానపు ఉంగరం తొడిగాక తప్పిపోయింది. ఆ పిల్ల ఏడుపు ఆయన చెవుల్లో ఇంకా ఉంది. వెంటనే ఫోను చేశాడు.

"బావగారూ, ఈ ఎర్ర సీటీ ఏటండీ? ముందు నేదు, ఎనకాల అంటించినారు."

"అంతా పైవాడి సేతిలో ఉన్నాది కదండీ బావగారూ."

"అది నాకూ తెలుసు. పెళ్లి ఉన్నాదా, నేదా? ఒక్క ముక్క సెప్పండి."

ఉంది అంటే సరిపోయేది. నరసింగరావు కళ్లు మూసుకుని, గొంతు పాస్టరుగారిలా పెట్టి, "దేవుని చిత్తమైతే" అన్నాడు.

"అలాగైతే మేమూ ప్రార్థన సేసుకుంటాం" అని సూరయ్య ఫోను పెట్టేశాడు.

"సూసినావా తాయారూ, ఎంత భక్తిపరుడో! పెళ్లికోసం ప్రార్థన సేస్తాడట" అని నరసింగరావు పొంగిపోయాడు. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవడమంటే ఇదే, కాకపోతే గొడ్డలి భుజాన పెట్టుకున్నవాడికి అది కనబడదు.

సోమవారం, అంటే పెళ్లికి సరిగ్గా మూడు రోజుల ముందు, రెండు సంగతులు ఒకేసారి ఇంట్లోకి వచ్చాయి. బజారుకెళ్లిన తాయారు, గురువారం వంట సంగతి గుర్తుచేద్దామని జోగయ్యను పలకరిస్తే, అతను బొబ్బిలి బేరం సంగతి చెప్పాడు. ఆవిడ అక్కణ్ణుంచే హాలుకెళ్లి అదీ చెయ్యి జారిపోయిందని తెలుసుకుని, చెమటలతో ఇల్లు చేరింది. గుమ్మంలో సుహాసిని ఫోను పట్టుకుని నిలబడి ఉంది. పెళ్లికొడుకు శివాజీ వాట్సాప్‌లో రాశాడు: 'మీ నాన్న మనసు మారిందని మా నాన్న మూడు రోజులనుంచి ఉపవాసం. నా సూటు టైలరు దగ్గరే వదిలీమన్నాడు. నువ్వైనా నిజం సెప్పు.'

నరసింగరావు చదివి, "సాతాను పనమ్మా. ప్రార్థన సేద్దాం. దేవుని చిత్త..." అన్నాడు.

"నాన్నా!" అంది సుహాసిని. పాతికేళ్లలో ఆ పిల్ల తండ్రిమీద గొంతు పెంచడం అదే మొదలు. "దేవుడి చిత్తం దేవుడు సూసుకుంటాడు. నీ చిత్తమేటో సెప్పు. నాకు ఈ పెళ్లి సెయ్యడం నీకిష్టమేనా, కాదా? శివాజీ నన్నడిగితే ఏటని సెప్పను?"

ఆ పిల్ల కళ్లలో నీళ్లు చూసేసరికి నరసింగరావుకు ఒక్క వచనమూ గుర్తు రాలేదు. భయమేసింది. ముప్పై నాలుగేళ్లు కిటికీ వెనక కూర్చుని లోకానికి టిక్కెట్లిచ్చినవాడు, ఇంట్లో పిల్లకు ఒక్క మాట ఇవ్వలేకపోయానే అనిపించింది. చెప్పులేసుకుని స్టేషనుకు పరుగెత్తాడు.

గరివిడిలో సూరయ్య వాకిట్లో కుర్చీ వేశాడు గాని మంచినీళ్లియ్యలేదు. నరసింగరావు కూర్చోలేదు.

"పెళ్లి ఉన్నాది బావగారూ. గురువారం పదిన్నరకి. నాకిష్టం, నా భార్యకిష్టం, నా పిల్లకి మరీ ఇష్టం. తప్పు నాది."

"మరి సీటీ?"

"నా బిరుదులు పట్టక ఆ మాట నేనే తీయించీసినాను. గంగులు సూస్తే నవ్వుతాడని మళ్లీ అంటించినాను. అంతే. అందులో భక్తేటీ నేదు."

సూరయ్య ఆయన్ని ఎగాదిగా చూశాడు. "ఈ క్విజ్జులో ఎంతమంది పోటీ సేసినారు?"

నరసింగరావు తల దించుకున్నాడు. ఈ సంగతి తాయారుకు కూడా తెలీదు.

"నలుగురం. ఇద్దరు రైలుకి టైమైపోనాదని మజ్జిలో ఎల్లిపోనారు."

సూరయ్య పెదాలు వణికాయి. నవ్వు ఆపుకోబోయి ఆపుకోలేక, కండువా నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి చూసి కేకేశాడు. "ఒరే శివాజీ! టైలరు దగ్గిరికెల్లి సూటు తెచ్చీసుకో. ఒసే, బావగారికి మంచినీళ్లు!" మూడు రోజుల ఉపవాసం ఆ పూట ఇద్దరూ కలిసి రొయ్యల కూరతో విడిచారు.

మర్నాడు నరసింగరావు అంతకంటే కష్టమైన గుమ్మం ఎక్కాడు. వంటకీ, భోజనాలకీ కొత్తవలసలో ఖాళీగా ఉన్న పెద్ద ఆవరణ ఒక్కటే, గంగులు కొత్త ఇంటిది. అడగడానికి నోరు రాక గేటు దగ్గరే నిలబడిపోతే, గంగులే బయటికొచ్చాడు.

"కార్డులో ఆ మాట ఎయ్యడం మర్సిపోనాను గాని బాబూ, ఇంటికి ఎవర్నీ రావొద్దని రాయనేదు. లోపలికి రండి."

కళ్లు తుడుచుకోవడం ఈసారి నరసింగరావు వంతయింది. గంగులు భార్య, సంఘంలోని ఆడవాళ్లు కలిసి పొయ్యిలు పెట్టారు. ఆరొందలమందికి బదులు రెండొందలమందికే వండారు. చీటీ చూసి తక్కినవాళ్లు పెళ్లి ఎలాగూ జరగదని వేరే పనులు పెట్టుకున్నారు.

గురువారం పదిన్నరకు చర్చి గంట మోగింది. తెల్లచీరలో సుహాసినీ, టైలరు దగ్గర్నుంచి బయటపడ్డ సూటులో శివాజీ పక్కపక్కన నిలబడ్డారు. పాస్టరుగారు పుస్తకం తెరిచి, ఆచారం ప్రకారం అడిగారు: "ఈ కన్యను వివాహమునకు ఇచ్చువారెవరు?"

నరసింగరావు ముందుకొచ్చాడు. గొంతు సవరించుకున్నాడు. "దేవుని..." అని అలవాటుగా మొదలుపెట్టాడు.

ముందువరసలో సూరయ్య లేచి నిలబడ్డాడు. సుహాసిని మేలిముసుగులోంచి తండ్రివైపు తిరిగింది. నరసింగరావు ఆ ముఖం చూశాడు, మాట మింగేశాడు, కూతురి చెయ్యి పట్టుకున్నాడు.

"నేనేనండి," అన్నాడు. "నేనే ఇస్తన్నాను."

పాస్టరుగారు ఆమెన్ అన్నారు. సూరయ్య మాత్రం, ఆ మాట మైకులో ఇంకోసారి చెప్పమన్నాడు.