కుడిచేతి వైపు ఇల్లు

శనివారం పొద్దున్న స్వప్న పెట్టుకున్న పని చిన్నదే. ఫోను పట్టుకుని ఇంటి చుట్టూ ఒకసారి తిరగాలి, లోపలికొచ్చి టీ పెట్టుకోవాలి. అలా తిరిగిన గీతను జేసన్ అనే అంకెల రాతలోకి మార్చి, మళ్లీ మ్యాపు మీద హద్దుగా గీసే ప్రోగ్రాం ఆమె రాసింది. చేలో పశువులు పడ్డా, కరెంటు తీగ తెగినా మ్యాపులో ఆ చోటును నొక్కితే చాలు, ఫోను నేరుగా ఆ జాగా యజమానికి పోతుంది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలలో, వాటి చుట్టుపక్కల పల్లెల్లో దాని వాడకం ఆ రోజే మొదలు.

కోరుట్లలో ఆ ఇంట్లో స్వప్న ఒక్కతే ఉంటుంది. ఆమె ఫోను మోగి పద్దెనిమిది రోజులైంది. అదీ గ్యాసు వాళ్లది.

గుడి చుట్టూ తిరిగిన అలవాటు కొద్దీ ఇంటిని కుడిచేతి వైపు పెట్టుకుని తిరిగింది. జేసన్ మ్యాపుల నియమం మాత్రం తిరకాసుది. జాగా ఎడమచేతి వైపు ఉండాలి. కుడివైపు ఉంటే గీతకు బయట ఉన్నదంతా నీదని లెక్క. ఆ సంగతి స్వప్నకు తెలుసు, ఆమె కాళ్లకు తెలియదు. భూగోళమంతా ఆమె పేరు మీదికొచ్చింది, ఆమె ఉంటున్న ఇల్లు తప్ప. యజమానుల జాబితాలో మొదటి పేరూ తనదే కావడంతో ఎవరెక్కడ నొక్కినా ఫోను ఆమెకే.

మొదట సిరిసిల్లలో మరమగ్గాల షెడ్డు పక్కనుండే బుచ్చయ్య. "అమ్మా, మీ సాంచెల చప్పుడుకు చెవులు పోతున్నయ్. జర బందు వెట్టుండ్రి."

"నాకు సాంచెలు లేవు కాకా."

"మ్యాప్‌ల మీ పేరే ఉన్నది గదా!"

తరువాత జగిత్యాల నుంచి ఒకావిడ, మోరి నీళ్లు వాకిట్లోకొస్తున్నాయని. తప్పెక్కడుందో స్వప్నకు అప్పుడే అర్థమైంది. సరిచేయడానికి ఐదు నిమిషాలు చాలు. కానీ టీ పెట్టుకుని మూడో ఫోను ఎత్తింది.

కోరుట్ల దగ్గరి మేడిపల్లి నుంచి బాలవ్వ గొంతు ఖంగుమంది. "నీ బర్రె నా మక్కచేన్ల వడ్డది!"

"నాకు బర్రె లేదవ్వా."

"పక్క జాగ నీదేనాయె. బర్రె ఆకాశంల నుంచి దిగిందా? మీ ఇంట్ల పెద్దోళ్లను పిలువు."

"ఎవ్వలు లేరు. నేనొక్కదాన్నే ఉంట."

బాలవ్వ బర్రెను మరిచిపోయింది. "ఒక్కదానివేనా? తిన్నవా బిడ్డా?"

ఆ మాట తనను ఎవరైనా అడిగి ఎన్నాళ్లయిందో స్వప్నకు గుర్తు రాలేదు. బాలవ్వ ఇల్లెక్కడో అడిగితే, బస్టాండు వెనక నీలం గేటని చెప్పింది.

మధ్యాహ్నానికి కోరుట్లలో ఎవరో పెద్ద భూస్వామురాలు ఉందని ఊళ్లన్నిటా పాకింది. బుచ్చయ్య మళ్లీ చేసి, తమ సంఘం బిల్డింగుకు రెండు గుంటల జాగా ఇమ్మన్నాడు. పెగడపల్లి దుర్గయ్య పెళ్లి కాని తమ్ముడున్నాడన్నాడు. స్వప్న అందరితో తీరిగ్గా మాట్లాడింది. పని పాడైనందుకు భయపడాల్సింది పోయి ఆమెకు పండగలా ఉంది.

నాలుగింటికి మేనేజరు శేఖర్ చేశాడు. "దునియా మొత్తం రాసిచ్చుకున్నవా ఏందమ్మా? ఒక్క గంటల సరిచెయ్, లేకుంటే కంపెనీ బందైతది."

స్వప్న అంకెల వరుసను తిరగేసింది. ప్రపంచం ఎవరిది వాళ్లకు పోయింది, ఆమెకు ఆమె ఇల్లు మిగిలింది. ఫోను మూగబోయింది.

ఆదివారం పొద్దుటి నుంచి చప్పుడే లేదు. ఏడుపొచ్చింది. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, పాటలు పెట్టుకుని పడుకుంది. పదకొండింటికి పాట ఆగి ఫోను మోగింది. ఆమె జాగా మీద మొదటి ఫిర్యాదు.

"ఎవ్వలదో గని గీ నీలం గేటు ఇల్లు," అంటోంది బాలవ్వ, "ఇంట్ల ఒక పిల్ల ఒక్కతే ఉంటది. మక్కకంకులు తెచ్చిన. తలుపు ఎంత కొట్టినా తీస్తలేదు. జర చెప్పుండ్రి."

స్వప్న పరుగెత్తి తలుపు తీసింది. ఆ ఫిర్యాదు పరిష్కారమైందని నమోదు చేయడానికి ఆమెకు సాయంత్రం దాకా తీరిక దొరకలేదు.